వాక్యం చదివాక ఏం చేయాలి? అనుదిన ధ్యానానికి ఒక దారి

మా అమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. గుంటూరు కొత్తపేటలోని మా పాత ఇంట్లో తెల్లవారుజామున ఐదింటికే లేచి, వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, బైబిల్ ఒళ్లో పెట్టుకునేది. అక్షరాల కింద వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుని చదివేది. ఒక్కోరోజు నాలుగు వచనాలు కూడా దాటేది కాదు. తర్వాత పొయ్యి వెలిగించి ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తున్నా ఆ మాటే నోట్లో ఆడుతూ ఉండేది. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు... లేమి కలుగదు..."

"ఏంటమ్మా ఆ గొణుగుడు?" అని విసుక్కునేదాన్ని. అప్పటికే నేను ఏడాదిలో బైబిలంతా చదివేసి సండే స్కూల్లో ప్రైజు తెచ్చుకున్నదాన్ని. కానీ పొద్దున ఏం చదివావని సాయంత్రం అడిగితే నాకు గుర్తుండేది కాదు. అమ్మకు గుర్తుండేది.

చాలా ఏళ్ల తర్వాత ఒక బైబిల్ స్టడీలో తెలిసింది. మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అన్నచోట హెబ్రీ మూలంలో ఉన్న మాట "హాగా". దానికి గొణుక్కోవడం, లోగొంతుతో పలకడం అని అర్థం. యెషయా 38:14లో "గువ్వవలె మూల్గితిని" అన్నచోటా అదే మాట ఉంది. యెషయా 31:4లో సింహం తన వేట మీద గుర్రుమనే చోటా అదే ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. నేను విసుక్కున్న ఆ గొణుగుడే ధ్యానం అని నాకు అంతవరకూ తెలియదు.

మా స్త్రీల సమాజంలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే. "రోజూ చదువుతున్నానక్కా, కానీ ఏమీ ఎక్కట్లేదు." వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. 1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో మొదలుపెట్టిన పనిలోంచి ఎదిగిన సంఘం మాది. కానీ ఇక్కడ చెప్పేది ఏ సంఘం వాళ్లయినా చేసుకోవచ్చు.

ముందు, ఎంత చదవాలి?

బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు అధ్యాయాలు దాటాలి. అలా చదవడం మంచిదే, జీవితంలో ఒకసారైనా చేయాలి, మొత్తం కథ తెలుస్తుంది. కానీ అది వేరు, ధ్యానం వేరు. పెళ్లి భోజనంలో వడ్డించినవన్నీ గబగబా తినేసినట్టు మూడు అధ్యాయాలు చదివి, ఏ ముక్కా నమల్లేదని బాధపడితే లాభం లేదు.

ధ్యానానికి ఎనిమిది నుంచి పదిహేను వచనాలు చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను మార్కు సువార్త ఇస్తాను. పదహారు అధ్యాయాలే, ముక్కలు చిన్నవి, కథ ఎక్కడా ఆగదు. తర్వాత కావాలంటే కొత్త నిబంధన మొత్తం పెట్టుకోండి. అందులో 260 అధ్యాయాలున్నాయి కాబట్టి వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చొప్పున సరిగ్గా ఏడాది పడుతుంది. ఆ అధ్యాయమంతా చదివి, అందులో ఒక్క పేరా దగ్గర ఆగండి. మిగిలిన రెండు రోజులు వెనకబడ్డవి చదువుకోవడానికి ఉంటాయి. 119వ కీర్తన కూడా ధ్యానానికి బాగా కుదురుతుంది. 176 వచనాలని భయపడొద్దు, అది ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగానే ఉంది, రోజుకొక భాగం.

మా పక్కింటి వదిన వాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలికులు. ఆవిడకు ఏం చదవాలన్న సమస్యే లేదు. ఆ రోజు పూజలో చదివే పఠనాలే ఇంట్లోనూ చదువుకుంటుంది. ఆదివారం పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగొస్తాయి, మామూలు రోజుల మొదటి పఠనం రెండేళ్లకొకసారి వస్తుంది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లే బస్సులో కూడా ఆవిడ చేతిలో ఆ రోజు సువిశేషం (మేం సువార్త అనేది) ఉంటుంది. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. ఏం చదవాలో మన ఇష్టానికి వదిలేస్తే మనకు నచ్చిన చోటే మళ్లీమళ్లీ తెరుస్తాం.

కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టిన చోట చదవడం మాత్రం మానేయండి. దేవుడు అలా మాట్లాడలేడని కాదు. ఒక ఉత్తరంలోంచి మధ్య వాక్యం ఒక్కటి చింపి చదివితే రాసినవాడి మనసు తెలియదు కదా.

వాగ్దాన కార్డు సంగతి

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ట్రేలోంచి వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికని ఒక బైబిల్ వచనం రాసి ఉన్న కార్డు, తీసుకునేటప్పుడు నాకిప్పటికీ చేతులు వణుకుతాయి. ఆ అలవాటును నేను తప్పు పట్టను. రోజుకొక వచనం ఇచ్చే పద్ధతి చాలా పాతది. జర్మనీలోని హెర్న్‌హుట్ అనే ఊళ్లో మొరేవియన్ సంఘం వాళ్లు 1728 నుంచే ఏ రోజు వచనం ఆ రోజు ఇంటింటికీ తిరిగి చెప్పేవాళ్లు. కాకపోతే కార్డు తలుపు లాంటిది. తలుపు దగ్గరే నిలబడిపోతే ఎలా, లోపలికి వెళ్లాలి.

ఒక ఏడాది నాకు యిర్మీయా 29:11 వచ్చింది. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్న వచనం. ఆ ఏడాది మా అబ్బాయికి ఉద్యోగం ఖాయమని ఇల్లంతా సంబరపడ్డాం. రాలేదు. మే నెలలో కూర్చుని ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. రేపో ఎల్లుండో ఇంటికెళ్లిపోతారని చెప్పే ప్రవక్తలను నమ్మొద్దంటాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి అంటాడు. పదో వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది! ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా వాళ్లకే ఆ మాట ఇచ్చాడు దేవుడు. అది తెలిశాక నా వాగ్దానం చిన్నదైపోలేదు, నేను అనుకున్నదానికంటే పెద్దదైంది. అబ్బాయి ఉద్యోగం కోసం ప్రార్థన ఆపలేదు, కానీ ఆ ఇంట్లో, ఆ ఏడాదిలోనే బతకడం మొదలుపెట్టాను.

కాబట్టి ఏ వచనం మీ చేతికొచ్చినా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు ఎవరితో అంటున్నారు? అప్పుడు వాళ్ల పరిస్థితి ఏంటి? ముందు వెనక ఏముంది? "నాకేం చెబుతున్నాడు" అన్న ప్రశ్న ఆ తర్వాత రావాలి.

పైకి చదవండి

చోటు, వేళ గురించి ఎక్కువ చెప్పను. గుంటూరు ఎండాకాలంలో ఏడు దాటితే కూర్చోలేం కాబట్టి నాకు తెల్లవారుజామే కుదురుతుంది. నైట్ డ్యూటీ చేసే నర్సమ్మలు డ్యూటీ దిగాక చదువుకుంటారు. ఎప్పుడైనా సరే, రోజూ అదే వేళ, అదే కుర్చీ అయితే మనసు తొందరగా కుదురుకుంటుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ వచనాలు పది వచ్చి ఉంటాయి, అవి చూసి పంపేసరికే ఆ ఇరవై నిమిషాలూ అయిపోతాయి.

చిన్న ప్రార్థన చేసుకుని, ఆ భాగం పైకి చదవండి. వీధి గుమ్మం దాకా వినబడక్కర్లేదు, మీ చెవికి వినబడితే చాలు. ఒకసారి మామూలుగా చదవండి. రెండోసారి సగం వేగంతో చదవండి. కళ్లు వాక్యాల మీద జారిపోతాయి గానీ నోరు ప్రతి మాటనీ పలకాల్సిందే. తెలిసిన కథ అని మనం దాటేసే మాటలు రెండోసారే దొరుకుతాయి.

పన్నెండో శతాబ్దంలో గీగో అనే కార్తూసియన్ సభ కతోలిక సన్యాసి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పి, భోజనంతో పోల్చాడు. చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, తలపోయడం అంటే నమలడం, ప్రార్థన అంటే రుచి తీయడం, చివరికి దేవుని సన్నిధిలో నిలిచి ఉండడం ఆ తీపే అన్నాడు. కతోలికులు లెక్సియో దివినా (లాటిన్‌లో దైవ పఠనం) అని ఇప్పటికీ చేసేది ఇదే. వదిన చెబితే నాకు తెలిసింది. మా అమ్మకు ఆ పేరు తెలియకుండానే వంటింట్లో మొదటి మూడు మెట్లూ ఎక్కేది, నాలుగోది కూడా ఎక్కి ఉంటుంది.

పాత తెలుగు మాటల దగ్గర జాగ్రత్త

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది. మనలో చాలామందిమి చదివే పాత అనువాదంలో కొన్ని మాటలు ఇప్పటి వాడుకలో వేరే అర్థానికి మారిపోయాయి. తెలియని మాట అయితే ఆగి ఎవరినైనా అడుగుతాం. తెలిసిన మాటే అనుకున్నప్పుడు మాత్రం ఆగకుండా తప్పుగా అర్థం చేసుకుని వెళ్లిపోతాం.

"నిరీక్షణ" అంటే ఇప్పుడు మనకు ఎదురుచూపు. బైబిల్లో అది ఆశ, దేవుడు చేస్తాడన్న ధీమాతో కూడిన ఆశ. "విచారము" అంటే మనకు దుఃఖం. లూకా 10:41లో మార్తతో యేసు "అనేకమైన పనులను గూర్చి విచారము కలిగి" అన్నప్పుడు ఆమె ఏడవడం లేదు, టెన్షన్ పడుతోంది. "ఆదరణ" అనగానే ఇప్పుడు సినిమాకు వచ్చే ప్రజాదరణ గుర్తొస్తుంది, బైబిల్లో అది ఓదార్పు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా మోసం చేసిన మాట "సమాధానము". ఫిలిప్పీయులకు 4:6లో "దేనినిగూర్చియు చింతపడకుడి" అని, మన విన్నపాలు దేవునికి తెలియజేయమని ఉంది. వెంటనే ఏడో వచనంలో "సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము" అని ఉంది. విన్నపం పెట్టాం, సమాధానం వస్తుంది, అంటే జవాబు వస్తుందనే నేను ఎన్నో ఏళ్లు చదివాను. అడిగింది రానప్పుడల్లా ఆ వచనం నాకు ముల్లులా గుచ్చుకునేది. అక్కడ సమాధానం అంటే జవాబు కాదు, శాంతి. అడిగింది ఇస్తానని ఆ వచనం అనడం లేదు. ఆ శాంతి "మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును" అంటోంది. గ్రీకు మూలంలో అది సైనికులు కాపలా కాయడానికి వాడే మాట. పౌలు ఈ పత్రిక, అంటే ఈ ఉత్తరం, రాసింది బంధకాల్లో ఉండి. చుట్టూ కాపలావాళ్లు తిరుగుతుంటే ఆ మాట రాశాడు.

అందుకే పాత అనువాదంతో పాటు వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి. చదవడం, కంఠతా పట్టడం పాతదాంట్లోనే చేయండి, దాని లయ నాలుక మీద నిలుస్తుంది. అర్థం దగ్గర అనుమానం వస్తే రెండోది చూడండి.

ఒక్కచోట ఆగండి

రెండుసార్లు చదివాక ఒక మాటో, ఒక వాక్యమో మిమ్మల్ని పట్టుకుంటుంది. ఓదార్చే మాటే అక్కర్లేదు, ఇబ్బంది పెట్టే మాట కూడా కావచ్చు. అక్కడే ఆగండి. నేను ఎలా చేస్తానో ఒక భాగం మీద చూపిస్తాను.

మార్కు 4:35-41. యేసు, శిష్యులు దోనెలో వెళ్తున్నారు, పెద్ద తుపాను వస్తుంది, ఆయన వెనక అమరంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. చిన్నప్పటి నుంచి ఫ్లాష్ కార్డుల్లో చూసిన కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా చెల్లి వాళ్లు అక్కడే ఉన్నారు. కింది ఇల్లంతా మునిగితే మేడ మీదకెక్కి, పాలు, మంచినీళ్ల కోసం పడవలవైపు చూస్తూ రోజులు గడిపారు. ఫోన్ చార్జింగ్ అయిపోయే ముందు చెల్లి నాతో అన్న చివరి మాట, "అక్కా, దేవుడికి మేం కనబడట్లేదా?"

ఆ వారంలో ఈ భాగం తీశాను. 38వ వచనం దగ్గర ఆగిపోయాను. "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" చెల్లి అడిగింది కూడా ఇదే. ఆ మాట చెల్లి కంటే ముందు శిష్యులు అన్నారు, అది సువార్తలోనే ఉంది. ఆయన వాళ్లను దోనెలోంచి దింపేయలేదు. ముందు లేచి గాలిని గద్దించాడు, ఆ తర్వాతే వాళ్లను "మీరెందుకు భయపడుచున్నారు?" అని అడిగాడు. నేనైతే ముందు తిట్టి, తర్వాత సాయం చేసేదాన్ని.

మర్నాడు అదే భాగం మళ్లీ చదివాను. ఈసారి "పెద్ద తుపాను", "మిక్కిలి నిమ్మళము", "మిక్కిలి భయపడి" అన్న మూడు మాటలు కనబడ్డాయి. గ్రీకులో మూడుచోట్లా ఉన్నది ఒకటే మాట, "మెగా". తుపాను ఎంత పెద్దదో నిమ్మళం అంత పెద్దది, ఆ తర్వాత కలిగిన భయమూ అంత పెద్దదే. అలలు ఆగాక కూడా వాళ్లు భయపడ్డారు, ఈసారి ఆయన్ని చూసి. ఒకే భాగాన్ని రెండు మూడు రోజులు చదవడానికి వెనకాడొద్దు. ప్లాన్ వెనకబడుతుందని టెన్షన్ వద్దు.

ఇలా ఆగినప్పుడు మన సొంత ఊహలు వాక్యంలోకి దూరకుండా చూసుకోవాలి. దోనె అంటే సంఘం, తలగడ అంటే ఇంకేదో అని ప్రతి వస్తువుకీ అర్థం కడుతూ పోతే చివరికి మన మాటలే మనకు వినబడతాయి. నాకు తట్టింది సరైనదేనా అన్న అనుమానం వస్తే అదే మాట ఇంకొక సువార్తలోనో పత్రికలోనో నిలబడుతుందా అని చూస్తాను, లేదా పాస్టర్ గారిని అడుగుతాను.

దాన్నే ప్రార్థనగా మార్చండి

చదవడం అయిపోయాక బైబిల్ మూసి, వేరే లిస్టు తీసి ప్రార్థన మొదలుపెట్టడం మనకు అలవాటు. అలా కాకుండా, ఆగిన మాటనే దేవునికి తిరిగి చెప్పండి. ఆ వారం నా ప్రార్థన అంతా "ప్రభువా, మా చెల్లి నశించిపోతోంది, నీకు చింత లేదా" అనే. అలా అనొచ్చా అని అడుగుతారు కొందరు. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని 13వ కీర్తన దేవుణ్నే అడుగుతోంది. దేవుడు తన గ్రంథంలో ఉంచిన మాటలు మనం ఆయనతో అనొచ్చు. ప్రార్థన అయ్యాక రెండు నిమిషాలు ఏమీ అనకుండా కూర్చోండి. ఇదే అన్నిటికంటే కష్టం, నాకు ఇప్పటికీ.

నోటు బుక్కు, తర్వాత రోజంతా

రెండొందల పేజీల మామూలు నోటు బుక్కు చాలు. తేదీ, భాగం, ఆగిన మాట మీ చేత్తో రాసిన రూపంలో, దాని కింద ఒకటో రెండో వాక్యాలు. ప్రసంగం రాయొద్దు. అర్థం కానిది ఉంటే ప్రశ్నగానే రాసి ఉంచండి. నా పాత పుస్తకంలో 2019లో రాసుకున్న ప్రశ్నకు 2023లో జవాబు దొరికింది.

ఇక ఆ ఒక్క మాటనీ బయటికి తీసుకెళ్లండి. రోజూ గుంటూరు నుంచి విజయవాడకు ప్యాసింజర్‌లో ఉద్యోగానికి వెళ్లే ఒక చెల్లెలు మా సమాజంలో ఉంది. ఇంట్లో చదువుకున్న మాటను నంబూరు దగ్గర ఒకసారి, మంగళగిరిలో ఒకసారి, బండి కృష్ణ మీద బ్రిడ్జి ఎక్కగానే ఒకసారి లోలోపల అనుకుంటుంది. ఆ స్టేషన్లే ఆమెకు గుర్తుచేసేవి. మీకు కుక్కర్ విజిల్ కావచ్చు, స్కూల్ బెల్లు కావచ్చు.

ఆ మాట మీ చేత ఏదైనా చేయించాలి కూడా. యాకోబు 1:22 వినేవాళ్లుగా మాత్రమే ఉండొద్దంటుంది. "ప్రేమ కలిగి ఉంటాను" అని రాసుకుంటే ఏమీ జరగదు. "ఈరోజు పెద్దాడపడుచుకి ఫోన్ చేస్తాను" అని రాసుకుంటే పన్నెండింటికల్లా చేశామో లేదో తెలిసిపోతుంది.

ఏమీ ఎక్కని రోజులు

ఉంటాయి. జ్వరం, అప్పులు, ఇంట్లో గొడవలు, లేదా ఏ కారణమూ లేకుండానే. అలాంటప్పుడు కొత్త భాగం తీయకండి. నోటికొచ్చిన కీర్తన ఒకటి పైకి చెప్పుకోండి, చాలు. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు రోజులది కలిపి చదవొద్దు, ఆ రోజుది చదివి ముందుకెళ్లండి. నాలుగు రోజులు తప్పినా అంతే. లేవీయకాండము, వంశావళులు వచ్చినప్పుడు త్వరగా చదివేయండి, కానీ పేర్లు పైకి పలకండి. మత్తయి మొదటి అధ్యాయంలో మగవాళ్ల పేర్ల వరుస మధ్యలో తామారు, రాహాబు, రూతు అన్న ఆడవాళ్ల పేర్ల దగ్గర ఎవరికైనా నోరు ఆగుతుంది.

వీలైతే ఇంట్లోవాళ్లతో పంచుకోండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో నేను పొద్దున ఆగిన మాట మాత్రమే చెప్పి, మీకేం అనిపించిందని అడిగి ఊరుకుంటాను. ఆ తుపాను భాగం చదివిన రాత్రి మా మనవడు, రెండో తరగతి వాడు, బైబిల్ నా చేతిలోంచి లాక్కుని 36వ వచనం మీద వేలు పెట్టాడు. "ఆయన వెంబడి మరికొన్ని దోనెలు వచ్చెను" అని ఉందక్కడ. యాభై ఏళ్లుగా చదువుతున్నాను, ఆ వాక్యం నా కంట పడలేదు.

"నానమ్మా, మరి ఆ పడవల్లో వాళ్లకి కూడా తుపాను ఆగిందా?"

వాడి ప్రశ్నను నోటు బుక్కులో తేదీ వేసి రాసుకున్నాను. పక్కన వాడి పేరు వాడే రాశాడు.